మందిరంలో పెద్దలు ఒక వైపు, పిల్లలు ఒక వైపు అయిపోతే ఏం చేయాలి?

ఆదివారం ఆరాధన అయ్యాక మీ మందిరం బయట ఒకసారి నిలబడి చూడండి. వేపచెట్టు కింద పెద్దవాళ్లు, బైకుల దగ్గర కుర్రాళ్లు, మధ్యలో చెప్పుల కుప్ప. "ఈ పిలకాయలకు భక్తి లేదు, అంతా గోలే" అని వేపచెట్టు కింద. "వీళ్లకు హార్మోనియం తప్ప ఇంకేం అక్కర్లేదు" అని బైకుల దగ్గర. ఒకరి మాట ఇంకొకరికి వినపడదు. మీ సంఘంలోనూ ఇలాగే ఉంటే ఇది మీకోసమే రాస్తున్నాను.

నాది ఒంగోలుకు దగ్గరలోని ఒక పల్లె బాప్తిస్టు సంఘం. ఇరవై రెండేళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. నా ముందు చాప మీద కూర్చుని కంఠత వాక్యాలు అప్పజెప్పిన పిల్లలే ఇప్పుడు కీబోర్డు వాయిస్తున్నారు. నా బాప్తిస్మం రోజు తడిసిన నన్ను దుప్పటి కప్పి గుండెకు హత్తుకున్న పెద్దమ్మలు ఆ పిల్లల్ని చూసి ముఖం తిప్పుకుంటున్నారు. రెండు వైపులా నా వాళ్లే. నాలుగేళ్ల కిందట మా సంఘం చీలిపోయింది. పద్దెనిమిది కుటుంబాలు బయటికి వెళ్లి ఒక రేకుల షెడ్డులో ఆరాధన పెట్టుకున్నాయి. అప్పుడు మేం చేయకుండా వదిలేసిన పనులు కొన్ని, ఆ తర్వాత ఆలస్యంగా చేసినవి కొన్ని. అవే ఇక్కడ వరసగా చెబుతాను.

ముందు ఇళ్లకు వెళ్లండి, మీటింగ్ పెట్టకండి

గొడవ రాగానే అందరం చేసే పని కమిటీ మీటింగ్ పెట్టడం. మేమూ అదే చేశాం. గంటలో అరుపులు మొదలయ్యాయి. మీటింగ్‌లో మనిషి తన బాధ చెప్పడు, తన పక్షం చెబుతాడు. బాధ వినాలంటే ఇంటికి వెళ్లాలి.

ఇద్దరేసి వెళ్లండి. ఒకరికి అరవై దాటి ఉండాలి, ఒకరికి ముప్పై లోపు ఉండాలి. ఈ జత చాలా ముఖ్యం. ఇంటికీ ఇంటికీ మధ్య నడిచేటప్పుడు ఆ ఇద్దరు మాట్లాడుకుంటారు చూడండి, సగం పని అక్కడే అవుతుంది. మొదట మందిరానికి రావడం మానేసిన వాళ్ల ఇళ్లకు వెళ్లండి. మీకు నచ్చే వాళ్ల ఇళ్లు చివర పెట్టుకోండి.

రెండే ప్రశ్నలు అడగండి: "మన సంఘంలో మీ మనసుకు కష్టం కలిగిస్తున్నది ఏంటి? అది ఎప్పటినుంచి?" ఏం చెప్పినా ఎదురు చెప్పకండి. వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోండి. "పద్ధతి సరిగా లేదు" అంటే అలాగే రాయండి, మీకు తోచిన అర్థం పెట్టకండి.

మా నోట్‌బుక్ మొదటి పేజీల నిండా పాటలే ఉన్నాయి. కీబోర్డు, సౌండు, చప్పట్లు. రెండో గ్లాసు టీ దాకా ఆగితే వేరే సంగతులు వచ్చాయి. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కుర్రాడు మొదటి ఆరు నెలల జీతంలో మిగిల్చి మందిరానికి కీబోర్డు కొన్నాడు. మొదటి ఆదివారమే సంఘ పెద్ద ఒకాయన అందరి ముందు "ఇది మందిరం నాయనా, రికార్డింగ్ డాన్సు కాదు" అన్నారు. ఆ కుర్రాడి బాధ పాట గురించి కాదు, ఆ మాట గురించి. అదే వీధిలో డెబ్బై ఆరేళ్ల తాతయ్య ఒకరున్నారు. పాత కీర్తనలు పుస్తకం చూడకుండా పాడేవారు. కొత్త పాటలు అందరూ ఫోన్లో చూసి పాడతారు, ఆయనకు ఫోనూ లేదు, ఆ అక్షరాలు ఆనవు కూడా. "నేను కట్టిన మందిరంలో నేనే మూగవాణ్ణి అయ్యానమ్మా" అన్నారు. నిజంగా కట్టారు కూడా. ఆ గోడలకు ఇటుకలు మోసిన వాళ్లలో ఆయన ఒకరు.

ఇద్దరూ ఒకే విషయం చెబుతున్నారని మాకు ఆ రోజు అర్థం కాలేదు. రాసుకున్నాం గనుక తర్వాత అర్థమైంది.

నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి

ఈ పనికి తొందరపడకండి. మాకు నాలుగు శనివారాలు పట్టింది.

ఇళ్లలో విన్న ప్రతి ఫిర్యాదునూ ఒక గడిలో పెట్టాలి. మొదటి గడిలో వాక్యం తేటగా చెప్పినవి. రెండో గడిలో మన పెద్దలు మంచి ఉద్దేశంతో పెట్టుకున్న పద్ధతులు. మూడో గడిలో, దేవుణ్ణి ప్రేమించే వాళ్లే నిజాయితీగా వేరువేరుగా అర్థం చేసుకునేవి. మొదటి గడిలో ఏదైనా రాయాలంటే ఒక్క వచనం చూపిస్తే చాలదు, ఆ అధ్యాయమంతా గట్టిగా చదవాలి. ఈ నియమం పెట్టుకోకపోతే ప్రతివాళ్లూ తమ ఇష్టాన్ని మొదటి గడిలోకి తోసేస్తారు.

మా దగ్గర హార్మోనియం రెండో గడిలోకి వెళ్లింది. అది చెప్పినప్పుడు కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. హార్మోనియం పుట్టింది ఫ్రాన్సులో, 1840ల్లో. సముద్రం దాటి వచ్చి మన కీర్తనల్లో కలిసిపోయింది. ఒకనాడు అదీ కొత్తదే. కీబోర్డు కూడా రెండో గడే. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చోవడం రెండో గడి. ముసుగు గురించి చాలాసేపు మాట్లాడుకుని, మొదటి కొరింథీయులు 11వ అధ్యాయం రెండుసార్లు చదివి, మూడో గడిలో పెట్టాం. నేను వేసుకుంటాను. వేసుకోని అమ్మాయి పక్కన కూర్చుంటాను. ఒకరికొకరు తీర్పు తీర్చవద్దనే రోమా 14 నన్ను అంతకంటే ముందుకు వెళ్లనివ్వదు.

కుర్రాళ్లకు కూడా ఈ గళ్లు నొప్పి పుట్టించాయి. "అంతా అలవాటే, దేవుడు హృదయం చూస్తాడు" అని ఒక అబ్బాయి అన్నాడు. అప్పుడు ఇంకో అబ్బాయే ఎఫెసీ 5వ అధ్యాయం తీసి తాగుడు గురించి చదివాడు. రామాయపట్నం బీచ్‌లో యూత్ పిక్నిక్ రోజు ఏం జరిగిందో ఆ గదిలో సగం మందికి తెలుసు. అది మొదటి గడిలోకి వెళ్లింది. ఎన్నికల నాడు పెద్దలకు పంచిన సీసాలు కూడా దాని పక్కనే వెళ్లాయి.

నాలుగో శనివారం పేజీ నిండాక చూసుకుంటే మా అందరికీ మాట పడిపోయింది. మేం కొట్టుకున్నవన్నీ రెండో గడిలో, మూడో గడిలో ఉన్నాయి. మొదటి గడిలో ఉన్నవి కట్నం, కులం, కానుకల లెక్క, తాగుడు, అబద్ధపు సాక్ష్యం. వాటి గురించి ఏ ఆదివారమూ ఏ వైపు నుంచీ ఎవరూ గొంతెత్తలేదు. అక్కడ పెద్దలూ పిల్లలూ ఎప్పుడో ఏకమయ్యారు.

సర్దుబాటు వేరు, రాజీ వేరు. పౌలును చూడండి. యూదుల మధ్య పని సాగాలని తిమోతికి సున్నతి చేయించాడు, అపొస్తలుల కార్యములు 16లో ఉంది. తీతు విషయంలో మాత్రం ససేమిరా అన్నాడు, గలతీయులు 2లో ఉంది. అదే సున్నతి, అదే పౌలు. ఒకచోట అది సాటి మనుషుల కోసం సర్దుబాటు, ఇంకోచోట ఒప్పుకుంటే సువార్తనే వదులుకున్నట్టు. మనం దీన్ని తిరగేశాం. సర్దుకోవాల్సిన చోట పట్టుబడుతున్నాం, పట్టుబడాల్సిన చోట రాజీపడుతున్నాం.

ఇప్పుడు కూర్చోండి

ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టకండి, అందరికీ ఆకలి. శనివారం సాయంత్రం మేలు. కుర్చీలు తీసేసి గుండ్రంగా చాపలు వేయండి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు మాత్రం కుర్చీలు ఉంచండి. ఒక్కో వైపు నుంచి ఆరుగురు చాలు, ఆ ఆరుగురిలో ఇద్దరైనా ఆడవాళ్లు ఉండాలి. పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేసి అందరిలో ఒకరిగా కూర్చోవాలి. మాటలు నడిపించే పని నలభై, యాభై ఏళ్ల మనిషికి ఇవ్వండి. మా దగ్గర స్త్రీల సమాజం నుంచి ఒకామెకు ఇచ్చాం. ఆమె ఎవరినీ రెండు నిమిషాలకు మించి మాట్లాడనివ్వలేదు, పాస్టర్‌గారిని కూడా.

ఫోన్లు ఒక బుట్టలో వేయించండి. ఒక మాట రికార్డయి వాట్సాప్‌లో తిరిగిందంటే ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు.

ముందు చిన్నవాళ్లు మాట్లాడాలి. అందరూ అయ్యేదాకా పెద్దవాళ్లు జవాబు చెప్పకూడదు. తర్వాత పెద్దవాళ్లు, చిన్నవాళ్లకూ అదే నియమం. యోబు గ్రంథంలో ఎలీహు పెద్దలు ముగించేదాకా ఆగాడు, తర్వాత తన మాట తాను చెప్పాడు. రాజైన రెహబాము పెద్దల ఆలోచన తోసేసి తన ఈడు వాళ్ల మాటే విన్నాడు, పది గోత్రాలు పోయాయి. ఈ రెండు భాగాలూ మొదట్లోనే చదివించండి, ఒకటి పెద్దాయన చేత, ఇంకొకటి కుర్రాడి చేత. ఎవరి చేత ఏది చదివించాలో మీకు చెప్పనక్కర్లేదు.

అందరి ముందు అన్న మాటకు క్షమాపణ అందరి ముందే అడగాలి. ఇంటికి వెళ్లి చాటుగా "ఏమనుకోకు నాయనా" అంటే చాలదు. పెద్దాయన్ని తండ్రిలా, చిన్నవాళ్లను తమ్ముళ్లలా చూడమని తిమోతికి రాసిన మాట రెండు వైపులా కోస్తుంది. ఫేస్‌బుక్‌లో పెద్దల మీద పోస్టు పెట్టిన అబ్బాయి అక్కడే పోస్టు పెట్టి క్షమాపణ అడగాలి.

పాటల సంగతి త్వరగా తేల్చేయండి

ఇది చిన్న విషయం, కానీ తేల్చకపోతే పెద్దవాటి దాకా వెళ్లనివ్వదు.

మా ఏర్పాటు ఇది. ఆరాధన పాత కీర్తనతో మొదలవుతుంది, పెద్దవాళ్లే ఎత్తుకుంటారు, హార్మోనియం, తాళాలు. కీబోర్డు అబ్బాయి ఆ కీర్తన ముందే నేర్చుకుని వెనక సన్నగా వాయిస్తాడు. కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం, తాళం పేర్లు వేసి ఉంటాయి కదా, చాలామంది పెద్దలు కూడా వాటిని ఎప్పుడూ చూడలేదు. ఇద్దరు కుర్రాళ్లు అవి చూసి, తాతయ్య దగ్గర కూర్చుని వరస పట్టుకున్నారు. ట్రాక్ పెట్టి పాడితే ఆ కీర్తన నిలవదని వాళ్లే చెప్పారు. ఆ మాట మేం చెప్పి ఉంటే వినేవాళ్లు కాదు.

తర్వాత కొత్త పాటలు రెండు. సాహిత్యం పెద్ద అక్షరాలతో జెరాక్స్ తీసి, అట్టకు అంటించి, ముందు వరసల్లో పెట్టాలి. పది అట్టలకు పెద్ద ఖర్చు కాదు. తాతయ్య ఆ అట్టను రెండు చేతులతో ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని, ఒక్కో పదం దగ్గర ఆగి, పాట ముందుకు వెళ్లిపోయినా తన లెక్కలో తాను పాడుతూ వెళ్లారు. అందరూ ఆపేశాక ఆయన ఒక్కరి గొంతే రెండు లైన్లు వినిపించింది. డ్రమ్ ప్యాడ్ దగ్గర ఉన్న పిల్లవాడు ఆ రెండు లైన్లకు కర్రలతో మెల్లగా తాళం వేశాడు, ఎవరూ చెప్పకుండానే.

సౌండ్ బాక్సులు ముసలివాళ్ల చెవులకు ఎదురుగా పెట్టకండి, గోడ వైపు తిప్పండి. వాల్యూమ్ ఒకరి చేతిలోనే ఉండాలి. సినిమా ట్యూనుకు దేవుని మాటలు పెట్టిన పాటలు మేం వద్దనుకున్నాం. అది పాపమని కాదు. పాట మొదలవగానే పిల్లలకు హీరో గుర్తొస్తున్నాడు, అందుకు.

లెక్కల పుస్తకం తెరవండి

ఇక్కడి నుంచి కష్టం. పాటల దగ్గర నవ్వుతూ సర్దుకున్న వాళ్లు ఇక్కడ మొహాలు ముడుచుకుంటారు. అయినా ఆగకండి.

యాజకుడైన ఏలీ కుమారుల కథ సండే స్కూల్లో చెప్పేటప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "టీచర్, వాళ్ల నాన్న ఏం చేయలేదా?" ఏలీ మందలించాడు, కానీ ఆపలేదు. మూడు ముళ్ల కొంకితో కుండలోంచి జనం తెచ్చిన బలి మాంసం తీసుకునే పని సాగుతూనే ఉంది. జనం నైవేద్యం అంటేనే అసహ్యించుకున్నారు. చదువుకున్న పిల్లలు మందిరం మానేయడానికి కారణం ఫోను అని మనం అనుకుంటాం. నేను వెళ్లిన ఇళ్లలో వాళ్లు ఎక్కువగా చెప్పింది లెక్కల గురించి.

చేయాల్సినవి ఇవి. కానుకల పెట్టె ఆరాధన అయిన వెంటనే, మందిరంలోనే, ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. ఆ ఇద్దరిలో ఒకరు ముప్పై లోపు వాళ్లు. నోట్లు విడివిడిగా రాసి ఇద్దరూ సంతకం చేయాలి. వచ్చే ఆదివారం ప్రకటనల్లో ఆ అంకె చదవాలి. బ్యాంకు ఖాతా సంఘం పేరుతో ఉండాలి, డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఇప్పుడు కానుకల పెట్టె మీద క్యూఆర్ కోడ్ అంటిస్తున్నారు. అది స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో చూడండి. సంఘం పేరు కాకుండా ఒక మనిషి పేరు వస్తే, ఆ మనిషి ఎంత పరిశుద్ధుడైనా సరే, ఈ వారమే మార్చండి. ఆయన పేరు కాపాడటానికే మార్చండి. మీ సంఘం సొసైటీగా రిజిస్టర్ అయి ఉంటే, మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి. లెక్కలు అక్కడ చదవండి.

కుర్రాళ్లకూ ఒక మాట. లెక్క అడిగే హక్కు ఉంది. కానుక వేసే బాధ్యత కూడా ఉంది. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఊరి సంఘానికి ఏడాదికోసారి క్రిస్మస్ డెకరేషన్‌కు ఐదువందలు పంపి లెక్కలు అడిగితే అయ్యగారి భార్యకు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆమె ఇంట్లో బియ్యం ఎప్పుడు అయిపోతాయో మా సంఘంలో ముగ్గురికి మాత్రమే తెలుసు. ముసలి విధవరాళ్లు వాళ్లు. వాళ్లే తెచ్చి పెడతారు.

ఎన్నికలు వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి, వచ్చాక రాసుకోలేరు. మా తీర్మానం ఇది: ఏ పార్టీ అభ్యర్థి అయినా వచ్చి కూర్చోవచ్చు, ప్రార్థన చేయించుకోవచ్చు. మైకు ఇవ్వం. శాలువా కప్పం. రేకులకో సౌండ్ బాక్సుకో డబ్బిస్తామంటే ఎన్నికలయ్యాక ఇమ్మంటాం. ఇప్పటిదాకా ఎన్నికలయ్యాక ఎవరూ రాలేదు.

డబ్బు దగ్గర నిలబడటం మనకు కొత్త కాదు, ఇది మన నేల మీద జరిగిన కథే. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం ఆకులూ దుంపలూ తిని చచ్చిపోతుంటే, అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని ఎంతోమంది అడిగారు. ఆయన సుమారు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం వస్తున్నారో, నమ్మి వస్తున్నారో తేలాలని. పని అయిపోయింది, ఇక ఇచ్చేందుకేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ 2,222 అంకె మన పిల్లలందరికీ తెలుసు, క్విజ్‌లో అడుగుతాం కాబట్టి. దాని వెనక ఉన్న పదిహేను నెలలు మనం చెప్పం. చెప్పండి.

కట్నం, కులం

పెండ్లి ప్రకటన మందిరంలో చదివేటప్పుడు "ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి" అంటారు కదా. ఏ ఆదివారమైనా ఎవరైనా లేచి "కట్నం ఎంత తీసుకుంటున్నారు?" అని అడిగారా? 1961 నుంచీ కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరమే. మన దగ్గర మాత్రం ప్రధానం రోజు ప్రార్థన చేసి మరీ మాట్లాడుకుంటాం. పిల్లవాడి జీన్సు మీద మండిపడే పెద్దాయనే కొడుకు ఇంజినీరింగ్ ఫీజు లెక్క వేసి కట్నం అడుగుతాడు. పెద్దలు వేషధారులని తిట్టే అబ్బాయే మామగారు ఇచ్చిన బండి మీద మందిరానికి వస్తాడు.

ఇక్కడ మొదటి అడుగు కుర్రాళ్లే వేయాలి, ఎందుకంటే పెళ్లి వాళ్లది. పెళ్లికాని అబ్బాయిలు తమంతట తాము, ఎవరూ బలవంతం చేయకుండా, కట్నం తీసుకోబోమని నోట్‌బుక్‌లో సంతకం చేయాలి. మా దగ్గర మొదటిసారి నలుగురు చేశారు. ఒకడి తల్లి నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. పెద్దల పని ఏంటంటే, ఆ పిల్లలకు సంబంధాలు చూడటం, "వాడిలో ఏదో లోపం ఉందేమో, అందుకే కట్నం వద్దంటున్నాడు" అనే పుకారుకు అడ్డుపడటం. ఈ పుకారు కచ్చితంగా వస్తుంది, సిద్ధంగా ఉండండి.

కులం గురించి రాయడానికి నా చెయ్యి ఆగుతోంది, అయినా రాస్తాను. ఒకే ఊళ్లో మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు ఎన్ని చోట్ల లేదు? పాస్టర్‌ను పిలిచేటప్పుడు ముందు ఏం విచారిస్తాం? 1860ల్లో ఒంగోలు వచ్చిన కొత్తలో క్లౌ దొరగారి దగ్గరికి పైకులాల వాళ్లు వచ్చి, మాదిగలను చేర్చుకుంటే మేం రామని చెప్పారు. మాదిగల్లోంచే నమ్మిన యర్రగుంట్ల పేరయ్య వెంట నమ్మి వస్తున్నది మాదిగలే. దొరగారు ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీయులు మొదటి అధ్యాయమే కనిపించింది, లోకం నీచంగా చూసిన వాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం. గొప్పవాళ్లను వదులుకున్నారు, పేదవాళ్లను చేర్చుకున్నారు. ఆ తీర్మానం వల్లే మన తాతలు మందిరంలో కాలు పెట్టారు. అలా వచ్చిన మనం మనలో మనమే గీతలు గీసుకున్నాం. ఈ విషయంలో మన పిల్లలు మనకంటే ముందున్నారు. కాలేజీ హాస్టల్లో కలిసి తిన్న పిల్లలు అడుగుతున్నారు. వినండి. కనీసం ఏడాదికి రెండుసార్లు రెండు సంఘాలూ కలిసి ప్రభువు బల్ల తీసుకోండి. మొదటిసారి కొందరు రారు.

దీని పక్కనే ఉన్న ఇంకో గాయం సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. తర్వాత సిక్కులకూ బౌద్ధులకూ వచ్చింది, మనకు రాలేదు. మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి ఇస్తారు. మతం గడిలో ఏం రాయాలో తెలియక అప్లికేషన్ నింపే పిల్లవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. పెద్దలు ఆ మాటే ఎత్తరు, ఇంట్లో ఎవరో ఒకరు అప్పటికే ఏదో రాసేసి ఉంటారు కాబట్టి. పల్పిట్ మీద నుంచి ఆ పిల్లవాణ్ణి వేలెత్తి చూపకండి. అబద్ధం రాయమని కూడా నేర్పకండి. చాప మీద కూర్చోబెట్టి, మీరు ఏం రాశారో, ఎందుకు రాశారో, ఆ తర్వాత మీ మనసు ఎలా ఉందో మీరే ముందు చెప్పండి. మా సంఘంలో ఒక రిటైర్డ్ టీచరుగారు చెప్పారు. ముప్పై ఏళ్లు దాచుకున్న మాట. ఆయన ఏడ్చారు. ఆ రోజు నుంచి యూత్ ఆయన చుట్టూనే కూర్చుంటారు.

ఫోన్లో వినే వాక్యం గురించి

ప్రసంగం జరుగుతుంటే పిల్లవాడు ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఇంకో పెద్ద బోధకుణ్ణి వింటున్నాడని కోప్పడితే లాభం లేదు. "ఈ వారం ఏం విన్నావు?" అని అడగండి. అతని చేతే చెప్పించండి. చెప్పాక మూడు విషయాలు కలిసి చూడండి: ఆ ప్రసంగంలో సిలువ ఉందా, పాపం గురించి మాట ఉందా, చివర డబ్బు ఎలా అడిగారు. "ఇంత విత్తండి, అంతకు నూరంతలు" అంటూ నూనె సీసాలు పంపే చోట రాజీ ఎక్కడుందో పిల్లలే పట్టుకుంటారు. మంచి ప్రసంగం అయితే ఒప్పుకోండి. మన అయ్యగారి ప్రసంగం కంటే బాగుంటే, అదీ ఒప్పుకోండి.

ఇంకోటి చిన్నగా చెబుతాను. పాస్టర్‌గారి తర్వాత ఆయన కొడుకే పాస్టర్ కావాలన్న నియమం బైబిల్లో లేదు. సమూయేలు కుమారులు తండ్రి దారిలో నడవలేదు, పెద్దలు వచ్చి ఆయన ముఖం మీదే చెప్పారు. కొడుక్కు పిలుపు ఉంటే సంఘమంతా ఒప్పుకున్నాకే నిలబెట్టండి.

వెళ్లిపోయిన వాళ్ల విషయం

మీ సంఘం ఇంకా చీలకపోతే ఈ భాగం అవసరం రాకూడదని నా ప్రార్థన. చీలిపోతే, ముందు కేసుల దాకా వెళ్లకండి. మందిరం స్థలం కాగితాలు జాగ్రత్త చేసుకోండి, అంతవరకే. వెళ్లిన వాళ్ల గురించి పల్పిట్ మీద ఒక్క మాట కూడా అననివ్వకండి. వాళ్ల కొత్త చోటును "ఆ షెడ్డు" అనకండి. ఈ వ్యాసం మొదట్లో నేనే అలా రాశాను, అంటే అలవాటు ఎంత బలమైందో చూడండి. అది మందిరం.

కలిసి ఆరాధించకపోయినా కలిసి చేయగలిగిన పనులు ఉంటాయి. శ్మశానంలో కంప చెట్లు కొట్టడం, జబ్బు పడిన వాళ్లను ఒంగోలు తీసుకెళ్లడం, వేసవిలో పిల్లల బైబిలు తరగతులు. క్రిస్మస్ క్యారల్స్‌కు వాళ్ల వీధి వదిలేయకండి. మేం మొదటి ఏడాది వదిలేశాం, అది తప్పు. రెండో ఏడాది వెళ్తే కొన్ని తలుపులు తెరుచుకోలేదు. మూడో ఏడాది తెరిచారు, అరిసెలు పెట్టారు.

"రికార్డింగ్ డాన్సు" అన్న పెద్దాయన పోయిన సెమీ క్రిస్మస్‌కు వాళ్ల మందిరానికి ఒక్కరే వెళ్లారు. వెనక వరసలో కూర్చున్నారు. సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి, "నాయనా, ఆ రోజు నోరు జారాను, నీ కష్టార్జితాన్ని చులకన చేశాను, క్షమించు" అన్నారు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. కీబోర్డు మీద తల వంచుకునే ఉన్నాడు. పెద్దాయన ఇంటికి వచ్చేశారు. జనవరిలో ఆయన భార్య చనిపోతే, పొద్దున్నే మొదట వచ్చి శామియానా కర్రలు దింపింది ఆ అబ్బాయే. ఇప్పటికీ వాళ్లు వాళ్ల మందిరానికే వెళ్తారు, మేం మా మందిరానికి.

1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ జ్యుయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు, ఒంగోలు కొండ ఎక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. ఈ కొత్త సంవత్సరం రోజు రెండు సంఘాల వాళ్లం కలిసి ఆ కొండ ఎక్కాలని మాట్లాడుకున్నాం. తాతయ్యను కుర్చీలో మోస్తామని నలుగురు కుర్రాళ్లు పేర్లు ఇచ్చారు, మా నుంచి ఇద్దరు, వాళ్ల నుంచి ఇద్దరు. తెల్లవారి నాలుగింటికి రమ్మని మూడు ఆటోలకు చెప్పాం. ఎవరు ఏ ఆటోలో కూర్చోవాలో మాత్రం రాయలేదు.